ఐదువేల ముప్పై ఎనిమిదో రేవు

రూసెలో రాత్రి ఒంటిగంట.
మైనస్ తొమ్మిది.
డాన్యూబ్ మీద బార్జీలు కదలడం లేదు.
ఊరికంతా వేడినీళ్ళు పంపే కంపెనీలో
కాల్ సెంటర్ గది ఒక్కటే వెచ్చబడదు.
ఈ సంగతి ఎవరికి ఫోన్ చేసి చెప్పుకోవాలో
స్తమెనాకి ఇరవై రెండేళ్ళుగా తెలీదు.

జోర్నిత్స కోటు విప్పకుండానే కూర్చుంది.
నల్లటి తెర మీద తెల్లటి గీత
ఆగి ఆగి కొట్టుకుంటోంది.
చిన్న పనే అన్నారు పైవాళ్ళు:
ఫోన్ మోగగానే, ఎత్తేలోపు,
చేసినవాళ్ళ పేరు తెర మీదికి రావాలి.
పేరు, వీధి, బాకీ, పాత గొడవలు.
అన్నీ ఒక కంటైనర్‌లో సర్ది మూతేసి పంపారు
ప్లోవ్‌దివ్ కుర్రాళ్ళెవరో.
"మా దగ్గర నడిచింది" అని ఒక్క ముక్క రాసిపెట్టారు,
బర్రెను నీళ్ళలో ఉంచి బేరమాడినట్టు.

పెట్టె దిగింది. లేచింది.
నాలుగు సెకన్లకి చచ్చింది.
మళ్ళీ లేచింది. మళ్ళీ.
లాగ్ నిండా ఒకటే మాట,
కనెక్షన్ కుదరదు, కుదరదు, కుదరదు,
ఐదువేల ముప్పై ఎనిమిదో రేవు దగ్గర.

ఫైర్‌వాల్ చూసింది. తెరిచే ఉంది.
పాస్‌వర్డ్ చూసింది. అక్షరం పొల్లుపోలేదు.
సర్వర్‌ని తిట్టింది, దాన్ని కొన్నవాళ్ళని తిట్టింది,
ఆఖరికి పెట్టె లోపలికే దిగింది.
అక్కడి గడియారంలో ఇంకా నిన్ననే.
పదకొండూ నలభై.
బయట తారీఖు మారిన సంగతి
దానికెవరూ చెప్పలేదు.

ఆ పక్కనే దొరికింది దొంగ.
ఫోన్ల యంత్రం చిరునామా ఉండాల్సిన చోట
లోకల్‌హోస్ట్ అని రాసుంది.
కుర్రాళ్ళ లాప్‌టాప్‌లో ఆ మాటకి ఇల్లంతా అని అర్థం.
పెట్టెలో ఆ మాటకి పెట్టే అర్థం.
పాపం, ఇంతసేపూ
తన తలుపు తానే తట్టుకుని
ఎవరూ పలకడం లేదని చచ్చిపోతోంది.

నవ్వొచ్చింది. ఒక్కతే నవ్వుకుంది.
హెడ్‌సెట్ పక్కకి జరిపి స్తమెనా
"దొరికిందా?" అంది.
జోర్నిత్స తల అడ్డంగా ఊపింది.
ఆ దేశంలో అది ఔననడం.

ఒక్క వరస మార్చింది. మళ్ళీ లేపింది.
నాలుగు సెకన్లు.
ఐదు. తొమ్మిది.
నిమిషం.
ఊపిరి వదిలింది, ఎవరిదో తెలీదు.

రెండుంబావుకి మొదటి ఫోన్.
ఎవరిదో చెప్పడానికి స్తమెనాకి యంత్రం అక్కర్లేదు.
ఈ వేళకి, ఈ చలికి,
ద్రుజ్‌బా పేట ఏడో అంతస్తు నించి వెలీకా.
రేడియేటర్ చల్లగా ఉందంటుంది.
మనిషిని పంపితే కాలుతూ ఉంటుంది.
కానీ ఈసారి తెర మీద పేరు వెలిగింది,
కొత్త నిబంధన ప్రకారం
ఉన్నదున్నట్టు చదివేసింది స్తమెనా:
"శుభరాత్రి, లాజార్ ద్రగానోవ్ గారూ."

అవతల ఏమీ లేదు.
లైను తెగిందేమోనని
జోర్నిత్స లాగ్ వైపు తిరిగింది.
కాల్ కలిసింది. రికార్డు దొరికింది. తప్పులు సున్నా.

"ఆయన పోయి పద్నాలుగేళ్ళమ్మా."
"క్షమించండి, పేరు మార్పిస్తాను, మీరు కాస్త..."
"వద్దు.
మీటరు ఆయన పేరునే ఉండనీ.
ఏదీ, ఇంకోసారి పిలువు."

స్తమెనా ముందున్న కాగితాల్లో
దీనికి జవాబు రాసిలేదు.
జోర్నిత్స చూపు తిప్పుకుని
ఫైల్లో మిగిలిన ఆఖరి వరస పూర్తిచేసింది,
పడిపోతే ఏం చేయాలన్నది.
ఎవరైనా కావాలని ఆపితే తప్ప
ప్రతిసారీ లేవమని రాసింది.

గడియారం సంగతి రేపు చూడొచ్చు.
ఇందాకే లోపల కూడా అర్ధరాత్రి దాటింది,
రెండు గంటలు ఆలస్యంగా.

చేతి తొడుగులు వెతుక్కుంటుంటే
వెనకనించి స్తమెనా గొంతు,
ఈసారి చదువుతున్నట్టు లేదు:
"లాజార్ గారూ,
వింటున్నారా,
చలిగా ఉందా అక్కడ?"